వారం రోజుల స్విట్జర్లాండ్: పెద్దవాళ్లతో, పిల్లలతో సొంతంగా తిరిగి రావడం ఎలా

ఫిబ్రవరి దాటిందంటే నా వాట్సాప్‌లో ఒకే ప్రశ్న మొదలవుతుంది. “వేసవి సెలవుల్లో స్విట్జర్లాండ్ అనుకుంటున్నాం. అమ్మానాన్నలు, పిల్లలు కూడా వస్తారు. ప్యాకేజీ తీసుకోవాలా, సొంతంగా వెళ్లొచ్చా?” ఉద్యోగం మీద కొన్నేళ్లు అక్కడ ఉన్నాను. అమ్మానాన్నల్ని రెండుసార్లు తిప్పాను. చుట్టాలూ స్నేహితులూ పంపిన ప్లాన్లు చాలానే సరిచేశాను. అడిగిన ప్రతివాళ్లకీ విడివిడిగా టైప్ చేసే ఓపిక అయిపోయింది, అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

సొంతంగా నిశ్చింతగా వెళ్లొచ్చు. అక్కడ రైలు ఎక్కడం తెలిస్తే సగం పని అయిపోయినట్టే, మిగతా సగం వాతావరణం. నాకు తెలిసి పాడైన ట్రిప్పుల్లో ఎక్కువ భాగం, ఏ రోజు ఏ కొండ ఎక్కాలో ఇంటి దగ్గరే తేదీ వేసి టికెట్లు కొనేసుకున్నవే. మీ తేదీ చూసి మబ్బు తప్పుకోదు కదా. మకాం ముందే ఖాయం చేసుకోండి, కొండ ఎప్పుడెక్కాలన్నది మాత్రం ఆ రోజు పొద్దున్నే తేల్చుకోండి. కింద రాసిన పద్ధతంతా దీని మీదే నడుస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాస్‌పోర్ట్. గత పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం 3 నెలల గడువు ఉండాలి, రెండు ఖాళీ పేజీలుండాలి.
- షెంజెన్ వీసా (స్విట్జర్లాండ్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి కలిపి చెల్లే ఒకే వీసా), కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకి సరిపోయే ట్రావెల్ ఇన్సూరెన్స్.
- ఫోన్లో ఎస్‌బీబీ యాప్ (రైళ్లకి), మెటియోస్విస్ యాప్ (వాతావరణానికి). రెండూ ఉచితమే.
- స్విట్జర్లాండ్‌లో పనిచేసే సిమ్. ఆ దేశం యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి “యూరప్ సిమ్” అని అమ్మే వాటిలో కొన్ని అక్కడ పనిచేయవు. కొనేముందు దేశాల జాబితాలో పేరుందో లేదో చూడండి. పెద్దవాళ్ల ఫోన్‌లో కూడా డేటా వేయించండి. ఎందుకో 5వ దశలో చెబుతాను.
- ప్లగ్ అడాప్టర్. అక్కడి సాకెట్ ఆరు పలకల గుంటలో లోపలికి ఉంటుంది. సన్నటి రెండు పిన్నుల ఫోన్ చార్జర్ నేరుగా పడుతుంది. మన మూడు పిన్నులది పట్టదు. జర్మనీలో పనికొచ్చే లావుపాటి గుండ్రటి ప్లగ్ కూడా ఆ గుంటలోకి దిగదు. రైస్ కుక్కర్ తీసుకెళ్లే ఆలోచన ఉంటే స్విస్ మూడు పిన్నుల అడాప్టర్ అని అడిగి కొనండి.
- జూలైలో వెళ్లినా సరే స్వెటర్, గాలి ఆగే జాకెట్, చలవ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్, పట్టున్న బూట్లు. సినిమా పాటల్లో హీరోయిన్ పల్చటి చీరలో మంచు మీద నవ్వుతూ కనిపిస్తుంది గానీ, కెమెరా ఆగగానే ఆవిడ మీద ఎన్ని దుప్పట్లు కప్పుతారో మనకి చూపించరు.
- ఒక చిన్న ఖాళీ నీళ్ల సీసా, బాత్‌రూమ్ కోసం. అక్కడ కాగితమే తప్ప వాటర్ జెట్ ఉండదు. ఇది ఎవరూ అడగరు, అందరికీ కావాలి.

1. నెల ఎంచుకోండి

జూన్ చివరి నుంచి సెప్టెంబర్ మూడో వారం దాకా సరస్సులూ కొండలూ రెండూ చూడొచ్చు. ఎత్తైన కనుమ దారులు జూన్‌లో మంచు తీశాక తెరుచుకుంటాయి. మన పిల్లల సెలవులు ఏప్రిల్, మే కాబట్టి చాలామంది అప్పుడే వెళతారు. కింద లోయలన్నీ పూలతో బాగుంటాయి గానీ, ఏప్రిల్ నుంచి మే మధ్య దాకా చాలా కేబుల్ కార్లని వార్షిక మరమ్మతులకి ఆపేస్తారు. నవంబర్‌లోనూ అంతే. ఆ నెలల్లోనే వెళ్లాల్సి వస్తే, అనుకున్న ప్రతి కొండ వెబ్‌సైట్లోనూ “రెవిజియోన్” అనే మాట పక్కన ఏ తేదీలున్నాయో చూసి టికెట్లు కొనండి.

మంచు ఆటలే కావాలంటే జనవరి చివర, ఫిబ్రవరి. అప్పుడు సాయంత్రం ఐదు దాటితే చీకటి పడుతుంది. జూన్‌లో అయితే రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుగుంటుంది. పెద్దవాళ్లుంటే నా ఓటు సెప్టెంబర్ మొదటి రెండు వారాలకే.

2. రెండు ఊళ్లలోనే మకాం పెట్టండి

“జ్యూరిక్ 1 రాత్రి, లుసెర్న్ 1, ఇంటర్లాకెన్ 2, జెర్మాట్ 1, మాంట్రో 1, జెనీవా 1.” నాకొచ్చే ప్లాన్లలో పదికి ఎనిమిది ఇలాగే ఉంటాయి. ఇందులో సగం రోజులు సూట్‌కేసులు సర్దడానికీ, హోటల్ గది ఇచ్చేదాకా లాబీలో కూర్చోవడానికీ పోతాయి. దేశం చిన్నది, రైళ్లు టైంకి నడుస్తాయి. ఒకచోట ఉండి పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రావడమే హాయి.

మొదటిసారి వెళ్లేవాళ్లకి ఈ జంట సరిపోతుంది.

లుసెర్న్‌లో 3 రాత్రులు. ఊరు పాతది, నడిచే తిరగొచ్చు. 14వ శతాబ్దపు చెక్క వంతెన ఉంది. 1993లో చాలా భాగం కాలిపోతే మళ్లీ కట్టారు. పైకప్పు కింద పాత బొమ్మలు వేలాడుతుంటాయి, కాలిపోయిన వాటి చోట్లు కొన్ని ఇప్పటికీ ఖాళీగానే కనిపిస్తాయి. స్టేషన్ బయటికొస్తే ఎదురుగా సరస్సు, పక్కనే పడవల రేవు. రిగి, పిలాటుస్, టిట్లిస్ కొండలు మూడూ ఇక్కడి నుంచే.

ఇంటర్లాకెన్‌లో గానీ, ఆ పక్క లోయలోని లౌటర్‌బ్రున్నెన్, విల్డర్స్‌విల్‌లలో గానీ 3 రాత్రులు. ఇంటర్లాకెన్ తూన్, బ్రియెంజ్ సరస్సుల మధ్య ఉంది. ఊరు నాకు పెద్దగా నచ్చదు, ఎక్కడ చూసినా వాచీల షాపులే. కానీ రైళ్లు అన్నివైపులకీ ఉంటాయి, మన భోజనం దొరుకుతుంది, యశ్ చోప్రా విగ్రహం కూడా ఉంది. లౌటర్‌బ్రున్నెన్ అయితే నిద్ర లేవగానే కిటికీలోంచి దాదాపు 300 మీటర్ల స్టౌబాఖ్ జలపాతం కనిపించే ఊరు.

ఏడో రోజు బెర్న్ మీదుగా జ్యూరిక్ వచ్చేయండి. బెర్న్ పాతబస్తీ 1983 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. వానొచ్చినా తడవకుండా నడవడానికి కిలోమీటర్ల కొద్దీ కప్పున్న వసారాలు ఉన్నాయి.

హెచ్చరిక: ఇంటర్లాకెన్‌లో రెండు స్టేషన్లున్నాయి, ఓస్ట్ (తూర్పు), వెస్ట్ (పడమర). కొండల రైళ్లన్నీ ఓస్ట్ నుంచే. హోటల్ బుక్ చేసేముందు ఏ స్టేషన్‌కి దగ్గరో చూడండి.

మారుగా: సినిమా పోస్టర్ లాంటి మాటర్‌హార్న్ (4478 మీటర్లు) చూడాలన్న పట్టుదల ఉంటే లుసెర్న్‌లో, ఇంటర్లాకెన్‌లో ఒక్కో రాత్రి తగ్గించి, చివర్లో జెర్మాట్‌లో రెండు రాత్రులు పెట్టండి. ఒక్క రాత్రి పెట్టొద్దు. ఆ కొండ రోజంతా మబ్బు కప్పుకుని కూర్చోవడం మామూలే, రెండో పొద్దున ఉంటే దర్శనం అవుతుంది. జెర్మాట్‌కి కార్లు వెళ్లవు, టెష్ దగ్గర ఆపి రైలెక్కాలి.

3. వీసా పని ముగించండి

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. ఆ పదిహేను రోజుల్ని నమ్ముకోకండి. వేసవికి అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, మూడు నెలల ముందు మొదలుపెట్టండి. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకి 45. ఆరేళ్ల లోపు వాళ్లకి లేదు.

ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్న దగ్గర చాలామంది తికమక పడతారు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో దానికే. పారిస్‌లో దిగి అక్కడ 3 రోజులు, స్విట్జర్లాండ్‌లో 5 రోజులు ఉంటే స్విస్‌కే చేయాలి. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి.

మనవాళ్లకి ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఇంటిపేరు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు విడదీసి ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరమే ఉంటుంది, విమానం టికెట్‌లో ముందు వెనకలవుతుంది. టికెట్, ఇన్సూరెన్స్, హోటల్, రైలు పాస్ అన్నిటిలోనూ పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి.

ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట విమానం మారితే ఇమ్మిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి 2025 అక్టోబర్ నుంచి మొదలైంది కాబట్టి క్యూలు పెద్దవి. రెండు విమానాల మధ్య కనీసం రెండున్నర గంటలు ఉంచుకోండి.

4. పాస్ లెక్క వేయండి

డబ్బులు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. టూరిస్టులకి ముఖ్యంగా రెండు దారులున్నాయి.

స్విస్ ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 రోజులకి దొరుకుతుంది. రైళ్లు, పసుపు రంగు పోస్ట్ బస్సులు, ఊళ్లో ట్రాములు, సరస్సు పడవలు, వందల మ్యూజియాలు అన్నీ ఇందులోనే. కొండల్లో రిగి, స్టాన్సర్‌హార్న్, స్టూస్ పూర్తిగా ఉచితం. మిగతా చాలా కొండలకి సగం ధర. యుంగ్‌ఫ్రౌయోఖ్‌కి (మంచు కొండల మీది రైల్వే స్టేషన్, 6వ దశలో చెబుతాను) మాత్రం వెంగెన్ లేదా గ్రిండెల్‌వాల్డ్ దాకా పాస్ చెల్లుతుంది, అక్కడి నుంచి పైకి 25 శాతమే తగ్గింపు.

హాఫ్ ఫేర్ కార్డ్ నెల రోజులు పనిచేస్తుంది. రైలు, పడవ, దాదాపు అన్ని కొండలూ సగం ధరకి వస్తాయి, యుంగ్‌ఫ్రౌయోఖ్‌ కూడా.

లెక్క ఇలా వేయండి. ఎస్‌బీబీ యాప్‌లో మీ ఏడు రోజుల ప్రయాణాలు ఒక్కొక్కటీ కొట్టి ధరలు కాగితం మీద రాయండి. కొండ టికెట్లు వేరే వరసలో రాయండి. అన్నీ కూడి సగం చేసి, దానికి హాఫ్ ఫేర్ కార్డు ధర కలపండి. పాస్ ధరకి మిగిలే కొండ టికెట్లు కలిపి పక్కన పెట్టి చూడండి. రోజూ ఊరు మారుతూ, పడవలెక్కుతూ తిరిగేవాళ్లకి పాస్ లాభం. రెండు ఊళ్లలో మకాం పెట్టి రెండు ఖరీదైన కొండలు ఎక్కేవాళ్లకి చాలాసార్లు హాఫ్ ఫేర్ కార్డే గెలుస్తుంది. యుంగ్‌ఫ్రౌయోఖ్‌ ఒక్కదానికే ఇంటర్లాకెన్ నుంచి రానూపోనూ పూర్తి ధర 200 ఫ్రాంకులు దాటుతుంది, ఫ్రాంకుకి వంద రూపాయల పైనే వేసుకోండి మరి. అయినా లెక్క రాని, టెన్షన్ వద్దనుకునే పెద్దవాళ్లకి పాసే కొనిపెడతాను నేను. చేతిలో ఒకటే కాగితం, ఏ బండి కనిపిస్తే ఆ బండి ఎక్కేయొచ్చు.

పిల్లలకి టికెట్ కొనకండి. 6 నుంచి 15 ఏళ్ల వాళ్లకి, తల్లో తండ్రో పైవాటిలో ఏదైనా కొంటే, ఫ్యామిలీ కార్డ్ ఉచితంగా ఇస్తారు. అడిగితేనే ఇస్తారు. ఆరేళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లతో ఉంటే ఎలాగూ ఉచితం.

హెచ్చరిక: గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, బెర్నినా ఎక్స్‌ప్రెస్ అనే పెద్ద కిటికీల టూరిస్టు రైళ్లు రెండిటికీ పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ డబ్బు కట్టి చేయించుకోవాలి. అదే పట్టాల మీద మామూలు రైళ్లు కూడా నడుస్తాయి, వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు, పైగా కిటికీలు తెరుచుకునే పెట్టెలు దొరికితే ఫోటోలు అద్దం మెరుపు లేకుండా వస్తాయి. బెర్నినా దారి 2253 మీటర్ల ఎత్తు దాటి ఇటలీలోని టిరానోలో దిగుతుంది. సింగిల్ ఎంట్రీ వీసా ఉన్నవాళ్లు కూడా వెళ్లి రావచ్చు, అది కూడా షెంజెనే.

5. రైలు ఎక్కడం నేర్చుకోండి

స్టేషన్లో పసుపు కాగితం మీద ఉన్నవి బయల్దేరే రైళ్లు, తెల్ల కాగితం మీద ఉన్నవి వచ్చే రైళ్లు. మీకు కావాల్సింది పసుపుదే. “గ్లైస్” అంటే ప్లాట్‌ఫామ్ నంబరు. ప్లాట్‌ఫామ్ మీద ఎ, బి, సి, డి అని భాగాలుంటాయి, మీ తరగతి పెట్టె ఎక్కడ ఆగుతుందో బోర్డు మీద కనిపిస్తుంది. పెట్టె మీద 1 అని ఉంటే ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్ టికెట్‌తో ఎక్కితే జరిమానా పడుతుంది. గేట్లుండవు, ఎవరూ ఆపరు. తనిఖీ రైల్లోనే. టికెట్ లేకపోతే దాదాపు 100 ఫ్రాంకులు వదిలించుకోవాల్సిందే.

ఇప్పుడు పెద్దవాళ్ల ఫోన్ సంగతి. ఇంటర్లాకెన్ ఓస్ట్ నుంచి కొండల వైపు వెళ్లే రైలు ఒకటే, కానీ జ్వైలూట్షినెన్ అనే చిన్న స్టేషన్‌ దగ్గర రెండు ముక్కలవుతుంది. ఒక సగం లౌటర్‌బ్రున్నెన్‌కి, ఇంకో సగం గ్రిండెల్‌వాల్డ్‌కి. మేం లౌటర్‌బ్రున్నెన్ వెళ్లాలి. నాన్న కిటికీ సీటు కోసం నాలుగు పెట్టెలు అవతలికి వెళ్లి కూర్చున్నారు. రైలు విడిపోయింది. అమ్మ “మీ నాన్నేరీ” అనేసరికి అవతలి లోయలోకి పసుపు-నీలం పెట్టెలు మలుపు తిరుగుతున్నాయి. ఆయన ఫోన్‌లో సిమ్ వేయించలేదు, “మనం ముగ్గురం ఒక్కచోటే ఉంటాం కదా” అని. గంటన్నర తర్వాత గ్రిండెల్‌వాల్డ్ స్టేషన్ బెంచీ మీద దొరికారు. ఎదురుగా గోడలా నిటారుగా ఐగర్ కొండ, చేతిలో సగం తిన్న యాపిల్. “ఇది బావుందిరా, ఇక్కడే దిగాల్సింది” అన్నారు.

కాబట్టి ఆ రైలెక్కేటప్పుడు పెట్టె తలుపు పక్కనున్న స్క్రీన్ మీద ఊరి పేరు చదవండి. అందరూ ఒకే పెట్టెలో కూర్చోండి.

లుసెర్న్ నుంచి ఇంటర్లాకెన్ వెళ్లే రెండు గంటల దారిలో కుడివైపు కూర్చోండి. జార్నెన్, లుంగెర్న్ సరస్సులు అటే వస్తాయి. మైరింగెన్‌లో బండి వెనక్కి నడవడం మొదలుపెడుతుంది. వచ్చిన దారినే పోతోందని కంగారు పడి దిగకండి, అక్కడి పట్టాలు అంతే. సీటు కూడా మారకండి, అదే కిటికీలోంచి పచ్చనీలం బ్రియెంజ్ సరస్సు వస్తుంది.

6. కొండ రోజుని పొద్దున ఆరింటికి తేల్చండి

ఏ కొండకైనా శిఖరం మీద లైవ్ కెమెరా ఉంటుంది. లేవగానే ఫోన్లో అది తెరవండి. చాలా హోటళ్ల టీవీలో పొద్దున్నే ఒక చానెల్లో కొండల కెమెరాలన్నీ వరసగా తిప్పుతారు, అది పెట్టుకుని కాఫీ తాగొచ్చు.

కెమెరాలో అంతా తెల్లగా ఉంటే ఆ రోజు వెళ్లకండి. కొండ పైకి వెళ్లినా మీకు కనిపించేది అదే తెలుపు. కిటికీలోంచి బయట మబ్బుగా ఉన్నంత మాత్రాన మానేయకండి కూడా. శరదృతువులో, చలికాలంలో లోయంతా పొగమంచు పరుచుకుని, పైన ఎండ కాస్తూ ఉంటుంది. కింద మేఘాల సముద్రం, మీరు దాని ఒడ్డున. అందుకే బయట ఆకాశాన్ని నమ్మకండి, కెమెరాని నమ్మండి.

కెమెరాలో బాగుంటే వెంటనే బయల్దేరండి. వేసవిలో మధ్యాహ్నం తర్వాత ఉరుములు, వాన సాధారణం. పదిలోపు పైన ఉండేలా చూసుకోండి.

ఏ కొండ ఎవరికి:

రిగి (1798 మీటర్లు). పెద్దవాళ్లకి, పసిపిల్లలకి ఇదే నా మొదటి ఎంపిక. లుసెర్న్‌లో పడవెక్కి గంటలో విట్స్‌నౌ రేవులో దిగితే, ఎదురుగానే ఎర్ర రైలు ఉంటుంది. పట్టాల మధ్య పళ్ల వరస, ఇంజిన్ కింద పళ్ల చక్రం. 1871లో మొదలైన ఈ దారి యూరప్‌లోనే మొదటి కొండ రైలు. దిగేటప్పుడు కాల్ట్‌బాడ్‌లో ఆగి కేబుల్ కార్‌లో వెగ్గిస్‌కి, అక్కడి నుంచి పడవలో లుసెర్న్‌కి. ట్రావెల్ పాస్ ఉంటే ఈ చుట్టు మొత్తానికి పైసా కట్టక్కర్లేదు.

పిలాటుస్. పళ్ల రైళ్లలో ప్రపంచంలోనే అతి నిటారైనది, 48 శాతం వాలు. 1889 నుంచి నడుస్తోంది. ఈ రైలు చలికాలంలో ఉండదు, అప్పుడు క్రీన్స్ వైపు కేబుల్ కార్ ఎక్కాలి.

టిట్లిస్. గుండ్రంగా తిరుగుతూ పైకెళ్లే కేబుల్ కార్, ఏడాది పొడవునా మంచు. మన టూర్ బస్సులన్నీ వచ్చేది ఇక్కడికే, కాబట్టి ఎనిమిదిన్నరకల్లా ఎంగెల్‌బెర్గ్‌లో ఉండండి.

యుంగ్‌ఫ్రౌయోఖ్ (3454 మీటర్లు). యూరప్‌లో అతి ఎత్తైన రైల్వే స్టేషన్. 1896లో తవ్వడం మొదలుపెట్టి 1912కి పూర్తిచేశారు, ఐగర్, మోంఖ్ కొండల కడుపులోంచి. పైన ఆలెచ్ హిమానీనదం కనిపిస్తుంది, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు మంచు రోడ్డు లాగా. వెళ్లేటప్పుడు గ్రిండెల్‌వాల్డ్ టెర్మినల్ నుంచి ఐగర్ ఎక్స్‌ప్రెస్ గొండోలా (ఒక రకం కేబుల్ కార్, 15 నిమిషాలు), వచ్చేటప్పుడు క్లైనె షైడెగ్, వెంగెన్ మీదుగా రైలు పట్టుకోండి. రెండు లోయలూ చూసినట్టవుతుంది.

హెచ్చరిక: ఆ ఎత్తులో గాల్లో ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు ఇంటి దగ్గరే డాక్టర్‌ని అడిగి రండి. పైకెళ్లాక మెట్లు పరిగెత్తి ఎక్కకండి, నీళ్లు తాగుతూ ఉండండి, రెండు మూడు గంటల్లో దిగిపోండి. తల తిరిగినా, ఛాతీ పట్టేసినా ఫోటోల సంగతి మరచిపోయి సిబ్బందికి చెప్పి కిందికి దిగండి. అంబులెన్స్ నంబర్ 144, ఏ అత్యవసరానికైనా 112.

మబ్బు రోజుకి మారుగా: లౌటర్‌బ్రున్నెన్ లోయలో ట్రూమ్మెల్‌బాఖ్. కొండ లోపల హోరెత్తే పది జలపాతాలు, వానతో సంబంధం లేదు (నాలుగేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు, చలికాలం మూసేస్తారు). లేదంటే బెర్న్. అదీ కాకపోతే షాఫ్‌హౌజెన్ దగ్గర రైన్ జలపాతం, 150 మీటర్ల వెడల్పు, ఎత్తు 23 మీటర్లే. వానలో ఇంకా ఉధృతంగా ఉంటుంది.

7. సరస్సులకి ఒక పూట ఖాళీ ఉంచండి

పడవ షికారు కూడా రైలు పాస్‌లోనే ఉందని తెలియక చాలామంది మళ్లీ టికెట్ కొంటారు. పై అంతస్తు చాలా పడవల్లో ఫస్ట్ క్లాస్, కాబట్టి సెకండ్ క్లాస్ పాస్‌తో కింద కూర్చోండి. లుసెర్న్ సరస్సులో పాత ఆవిరి పడవలున్నాయి. మధ్యలో నిలబడి చూస్తే కింద ఇంజిన్ ఇనుప చేతులు తిరుగుతూ కనిపిస్తాయి, పిల్లలు అక్కడి నుంచి కదలరు.

బ్రియెంజ్ సరస్సు ఒడ్డున ఇసెల్ట్‌వాల్డ్ అనే ఊళ్లో చెక్క రేవు ఒకటి కొరియన్ సీరియల్ పుణ్యమా అని పేరుపడింది. ఇప్పుడు దాని మీదికి వెళ్లాలంటే గేటు పెట్టి 5 ఫ్రాంకులు తీసుకుంటున్నారు. పక్కనున్న ఒడ్డు ఉచితం, సరస్సూ అదే. నిజంగా కొండల మధ్య సరస్సు చూడాలంటే కాండర్‌స్టెగ్ వెళ్లి, గొండోలా ఎక్కి, పాతిక నిమిషాలు నడిచి ఎష్షినెన్ సరస్సు (1578 మీటర్లు) చేరుకోండి. వెళ్లేటప్పుడు దిగుడు, కాబట్టి వచ్చేటప్పుడు ఎక్కుడని పెద్దవాళ్లకి ముందే చెప్పండి.

నడక దారుల్లో పసుపు బోర్డులుంటాయి. వాటి మీద రాసేది దూరం కాదు, సమయం. “1 గం. 20 ని.” అని ఉంటే అది ఆగకుండా నడిచే స్విస్ మనిషి లెక్క, మనం సగం కలుపుకోవాలి. పసుపు గుర్తున్న దారి అందరిదీ. తెలుపు-ఎరుపు-తెలుపు గుర్తుంటే కొండ దారి, మంచి బూట్లుండాలి. తెలుపు-నీలం-తెలుపు కనిపిస్తే వెనక్కి తిరగండి, అది తాడు పట్టుకుని ఎక్కేవాళ్లకి. దారిలో ఆవులుంటే దూడల దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి.

8. తిండి ఏర్పాటు

హోటల్ కన్నా వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఖర్చు సగం తగ్గుతుంది, పెద్దవాళ్ల కడుపూ బాగుంటుంది. బియ్యం, పెరుగు, కూరగాయలు మిగ్రోస్, కోప్ సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి. సాయంత్రం ఆరున్నర, ఏడుకే చాలాచోట్ల మూసేస్తారు, ఆదివారం అసలు తెరవరు. ఆదివారం పెరుగు కావాల్సి వస్తే జ్యూరిక్, లుసెర్న్, బెర్న్ లాంటి పెద్ద స్టేషన్ల లోపలి షాపులకి వెళ్లండి.

ఇంటి నుంచి కందిపొడి, ఆవకాయ, చింతపండు పులిహోర పేస్టు తీసుకెళ్లండి, గట్టిగా సీల్ చేసి. చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా వద్దు. మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లడం అక్కడ నిషేధం. మామిడిపళ్లు, పచ్చి కరివేపాకు కూడా పట్టుకుంటే తీసేసుకుంటారు. అపార్ట్‌మెంట్‌లో పోపు పెట్టేముందు కిటికీ తీయండి, పొగ అలారం మోగితే ఆ పంచాయితీ వేరు.

బయట తినేటప్పుడు శాకాహారులు “వెగెటారిష్” అన్న మాట వెతకండి. అలా ఉన్నా గుడ్డు ఉండొచ్చు, అడగండి. బంగాళాదుంప రోస్టిలో “ష్పెక్” అని ఉంటే పంది మాంసం. ఫాండ్యూలో (బ్రెడ్ ముంచుకుని తినే కరిగించిన చీజ్) వైన్ కూడా పోస్తారు.

నీళ్లు కొనకండి. కుళాయి నీళ్లు, వీధి ఫౌంటెన్ నీళ్లు తాగొచ్చు. “కైన్ ట్రింక్‌వాసర్” అని రాసి ఉన్నవాటిని మాత్రం వదిలేయండి.

అందరూ చేసే పొరపాట్లు

కార్డు మెషీన్ “రూపాయల్లోనా, ఫ్రాంకుల్లోనా” అని అడిగితే రూపాయలు నొక్కడం. చూడటానికి తేలిగ్గా ఉంటుంది, మారకం రేటు మాత్రం బాదుతుంది. ఎప్పుడూ ఫ్రాంకులే.

ఫ్లెక్సీ పాస్ (వరస రోజులు కాకుండా కావాల్సిన రోజుల్లో వాడుకునే ట్రావెల్ పాస్) కొని, ఆ రోజుని యాప్‌లో యాక్టివేట్ చేయకుండా రైలెక్కడం. చెకింగ్ వస్తే పాస్ ఉన్నా లేనట్టే.

చవక సూపర్‌సేవర్ టికెట్ కొని తర్వాతి రైలెక్కడం. ఆ టికెట్ ఆ ఒక్క రైలుకే.

మనిషికో పెద్ద సూట్‌కేసు. రైలు మారడానికి ఐదారు నిమిషాలే ఉండే చోట్లు చాలా. ఇద్దరికి ఒకటి చాలు.

హోటల్ ఇచ్చే గెస్ట్ కార్డు అడగకపోవడం. ఇంటర్లాకెన్‌లో దానితో ఊరి బస్సులు ఉచితం, బెర్న్, జెనీవాల్లో కూడా ఊళ్లో ప్రయాణం ఉచితంగా వస్తుంది.

రాత్రి పది దాటాక గట్టిగా మాట్లాడటం, వీడియో కాల్స్. పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొడతారు. మర్యాదగానే కొడతారు, కానీ కొడతారు.

ప్లాన్ సరిగా ఉందో లేదో ఇలా చూసుకోండి

టికెట్లు కొనకముందు కాగితం ముందు పెట్టుకోండి. ఏ హోటల్లోనైనా రెండు రాత్రుల కన్నా తక్కువుంటే కొట్టేయండి. ఏ రోజైనా రైల్లో కూర్చునేది నాలుగు గంటలు దాటితే ఒక ఊరు తీసేయండి. ఏడు రోజుల్లో ఒక్క రోజైనా ఖాళీ గడి లేకపోతే మబ్బు పట్టిన రోజుకి మీకు చోటు లేనట్టే.

తర్వాత ఎస్‌బీబీ యాప్‌లో మీరు వెళ్లే తేదీ వేసి ఒక్కొక్క ప్రయాణం వెతకండి. టైమ్‌టేబుల్ ప్రతి డిసెంబర్‌లో మారుతుంది, కాబట్టి ఆ తర్వాత వెళ్లేవాళ్లు మళ్లీ ఒకసారి చూసుకోవాలి. ప్రతి కొండకీ “లెట్స్‌టె టాల్‌ఫార్ట్” పక్కన ఉన్న టైం రాసుకోండి. అది కిందికి దిగే ఆఖరి బండి, మిస్సయితే నడవాలి.

అక్కడికి వెళ్లాక ప్రతి రాత్రీ పడుకునే ముందు మూడు చూడండి: ఫ్లెక్సీ పాస్ అయితే రేపటి రోజు యాక్టివేట్ అయ్యిందా, అందరి ఫోన్లలో హోటల్ పేరు, ఎక్కాల్సిన స్టేషన్ పేరు ఉన్నాయా, నీళ్ల సీసాలు నింపారా. కొండ కెమెరా మాత్రం రాత్రి చూసి లాభం లేదు, పొద్దున్నే.

ఆఖరి రోజు జేబులో మిగిలిన నాణేలు లెక్కపెట్టుకోండి. 5 ఫ్రాంకుల వరకూ అక్కడ నాణెమే, మన దగ్గరికి తెస్తే ఎవరూ మార్చరు. జ్యూరిక్ ఎయిర్‌పోర్ట్ స్టేషన్ పైన సూపర్ మార్కెట్లుంటాయి, ఆదివారం కూడా తెరిచే ఉంటాయి. చుట్టాలకి చాక్లెట్లు లోపలి డ్యూటీ ఫ్రీలో కాకుండా అక్కడే కొనండి, నాణేలూ చెల్లిపోతాయి.